బాన్ నగరంలో ఊరిపెద్ద కుర్చీ



మీలో ఎవరికైనా జర్మనీ వెళ్లే అవకాశం వస్తే, ఒక రోజు బాన్ నగరానికి కేటాయించమని నా మనవి. బాన్ రైన్ నది ఒడ్డున ఉన్న ఊరు. జనాభా సుమారు 3,30,000. మన డర్బన్ పక్కన పెడితే చిన్న ఊరే. సంగీతం ఇష్టమైనవాళ్లు బేతోవెన్ పుట్టిన ఇల్లు చూడడానికి అక్కడికి వెళతారు. ఆ ఇల్లు మీరూ చూడండి. చూశాక దగ్గరలోనే ఉన్న మార్కెట్ మైదానానికి రండి. నేను మీకు చూపించాలనుకున్నది ఆ మైదానం చివర ఉన్న ఒక భవనాన్ని, ఆ భవనానికి చెందిన ఒక పదవిని. ఆ పదవి పేరు మేయర్.

ఊరికి మేయర్ ఉండడంలో వింత ఏముంది అని మీరు అడగవచ్చు. 2015 సెప్టెంబరులో బాన్ ప్రజలు మేయర్‌గా ఎన్నుకున్న వ్యక్తి పేరు అశోక్ అలెగ్జాండర్ శ్రీధరన్. బడి హాజరు పట్టీలో అశోక్, శ్రీధరన్ లాంటి పేర్లు చదవడం నాకు అలవాటే. జర్మనీలో ఒక నగరం మేయర్ పేరుగా చదవడం మాత్రం కొత్త. అందుకని ఆ కుర్చీ కథ మొదటి నుంచి తెలుసుకోవాలనిపించింది. తెలుసుకున్నకొద్దీ, అది కూలి ఒప్పందం మీద సముద్రం దాటిన మన పెద్దల కథకు చాలా దగ్గరగా వచ్చింది. నాతో రండి, చెబుతాను.

భవనం, దాని పేరు

పాత పురపాలక భవనాన్ని జర్మన్లు "ఆల్టెస్ రాట్‌హౌస్" అంటారు. లేత గులాబి రంగు గోడలు, బంగారు పూత పూసిన కటకటాలు, రెండు వైపుల నుంచీ ఎక్కి పైన కలిసే మెట్లు. పెళ్లికి అలంకరించిన ఇల్లులా ఉంటుంది. ముందున్న మైదానంలో కూరగాయలు, పండ్లు, పూలు అమ్ముతారు. మధ్యలో 1777 నాటి రాతి స్తంభం ఒకటి ఉంది.

మనం భాష నేర్చుకునేవాళ్లం కాబట్టి ముందు మాటలు చూద్దాం. జర్మన్ భాషలో "రాట్" అంటే సలహా, సలహా చెప్పే సభ. "హౌస్" అంటే ఇల్లు. రాట్‌హౌస్ అంటే ఊరి సభ కూర్చునే ఇల్లు. మేయర్‌ను వాళ్లు "బ్యుర్గర్‌మైస్టర్" అంటారు. పెద్ద నగరమైతే "ఓబర్‌బ్యుర్గర్‌మైస్టర్", అంటే పై మేయర్. "బుర్గ్" అంటే కోట. కోట గోడ లోపల హక్కుతో నివసించేవాడు "బ్యుర్గర్", అంటే పౌరుడు. "మైస్టర్" అనే మాట లాటిన్ భాషలోని "మగిస్టర్" నుంచి వచ్చింది. ఇంగ్లీషు "మాస్టర్" కూడా అక్కడి నుంచే వచ్చింది. దాన్నే మనం తెలుగులో "మాస్టారు" చేసుకున్నాం. కాబట్టి బ్యుర్గర్‌మైస్టర్ అంటే పౌరుల మాస్టారు అన్నమాట! ఇక "మేయర్" అనే మాట లాటిన్‌లో "పెద్ద" అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. మన "ఊరిపెద్ద" దానికి సరిగ్గా సరిపోతుంది.

"బ్యుర్గర్" అనే మాటను గుర్తుపెట్టుకోండి. ముందు ముందు మనకు దానితో పని ఉంది.

రాజు చేతిలో కుర్చీ

బాన్‌లో రోమన్ సైనికులు రెండు వేల ఏళ్ల క్రితం శిబిరం వేశారు. 1244లో కొలోన్ ఆర్చిబిషప్పు ఈ ఊరి చుట్టూ గోడ కట్టించాడు. తర్వాత ఆ ఆర్చిబిషప్పులే బాన్‌ను తమ రాజధాని చేసుకున్నారు. వాళ్లు మత గురువులు మాత్రమే కారు, ఆ ప్రాంతానికి ప్రభువులు కూడా. చక్రవర్తిని ఎన్నుకునే కొద్దిమంది ప్రభువులలో వాళ్లూ ఉండేవారు. చక్రవర్తిని ఎన్నుకోవడానికి ఓటు ఉన్న ప్రభువు ఊళ్లో ఉన్నాడు. ఆ ప్రభువును ఎన్నుకునే ఓటు మాత్రం ఊరివాళ్లకు లేదు.

1689 యుద్ధంలో ఫిరంగి దెబ్బలకు బాన్ తగలబడిపోయింది. ఇప్పుడు మనం చూస్తున్న పురపాలక భవనానికి 1737లో ఆర్చిబిషప్పు క్లెమెన్స్ ఆగస్ట్ శంకుస్థాపన చేశాడు. ఊరి సభ కోసం కట్టిన ఇల్లే అయినా, దాని అందంలో ప్రభువు దర్జా కనిపిస్తుంది.

1794లో ఫ్రెంచ్ సైన్యం వచ్చింది. ప్రభువుల పాలన ముగిసింది. సమానత్వం అనే మాట వినిపించింది. కానీ 1800లో నెపోలియన్ చేసిన చట్టం ప్రకారం మేయర్లను ప్రభుత్వమే నియమించేది. పైనుంచి వచ్చిన ఆజ్ఞను కింద అమలు చేయడమే మేయర్ పని. తెలుగు దేశంలో మునసబు, కరణం పదవులు తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి. 1980లలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వాటిని రద్దు చేసేదాకా చాలా ఊళ్లలో అదే పద్ధతి. వంశం ఇచ్చినా, రాజు ఇచ్చినా, ఊరిని అడగకుండా ఇచ్చిన పదవి అది.

1815లో బాన్ ప్రష్యా రాజ్యంలో చేరింది. 1818లో రాజు అక్కడ విశ్వవిద్యాలయం పెట్టాడు. పాత ప్రభువుల కోటే ఇప్పుడు విశ్వవిద్యాలయ భవనం. అక్కడ సంస్కృతం బోధించిన ఆగస్ట్ విల్హెల్మ్ ష్లేగెల్ 1823లో భగవద్గీతను దేవనాగరి లిపిలో, లాటిన్ అనువాదంతో అచ్చు వేయించాడు. గుడిలో గీత శ్లోకాలు నేర్చుకున్న మనకు ఈ సంగతి తెలిసి ఉండాలి. మార్కెట్ మైదానం నుంచి ఆ భవనానికి నడిచే వెళ్లవచ్చు.

ఓటుకు ధర

ప్రష్యా కాలంలో బాన్‌కు ఎన్నికలు వచ్చాయి. అయితే అవి ఎలాంటి ఎన్నికలో వినండి. పన్ను కట్టే మగవాళ్లను మూడు తరగతులుగా విడగొట్టారు. మొత్తం పన్నులో మొదటి మూడో వంతు కట్టే కొద్దిమంది ధనికులు ఒక తరగతి. తర్వాతి మూడో వంతు కట్టేవాళ్లు రెండో తరగతి. మిగిలినవాళ్లు మూడో తరగతి. ఒక్కో తరగతి సభలో మూడో వంతు సభ్యులను ఎన్నుకుంటుంది. అంటే పది మంది ధనికుల మాట వెయ్యి మంది చిన్న వర్తకుల మాటతో సమానం. ఎస్సెన్ నగరంలో ఉక్కు కర్మాగారం యజమాని క్రుప్ ఒక్కడే మొదటి తరగతి ఓటరుగా ఉన్న ఎన్నికలు కూడా జరిగాయి. ఒక్క మనిషి, నగర సభలో మూడో వంతు! అసలు పన్నే కట్టలేని పేదలకు, ఆడవాళ్లకు ఏ తరగతీ లేదు.

ఈ సభ మేయర్‌ను ఎన్నుకుంటుంది. అక్కడితో పని అయిపోదు. రాజు ప్రభుత్వం ఆమోదించాలి. లియోపోల్డ్ కాఫ్‌మన్ అనే ఆయన 1851 నుంచి బాన్ మేయర్. మంచి పేరున్న కాథలిక్కు. 1870లలో బిస్మార్క్ ప్రభుత్వం కాథలిక్ చర్చిని అదుపు చేయడానికి కఠినమైన చట్టాలు తెచ్చింది. 1875లో బాన్ సభ కాఫ్‌మన్‌ను మళ్లీ ఎన్నుకుంది. బెర్లిన్ ప్రభుత్వం ఆమోదం ఇవ్వలేదు. ఇరవై నాలుగేళ్లు ఊరిని నడిపిన మనిషి ఇంటికి వెళ్లిపోవలసి వచ్చింది. ఊరు ఔనన్నా రాజధాని కాదంది. అతని మతమే అడ్డం వచ్చింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి మన సంగతి చూద్దాం. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన "ట్రూరో" ఓడ డర్బన్ చేరింది. 1911 దాకా నాటాల్‌కు లక్షా యాభై వేలకు పైగా కూలీలు వచ్చారు. వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. గిర్మిట్ ముగిశాక తోట వేసుకుని, దుకాణం పెట్టుకుని, పన్ను కట్టి, కొందరు ఓటుకు అర్హత సంపాదించారు. 1894లో ఆ ఓటు తీసేయాలని నాటాల్ ప్రభుత్వం చట్టం తెస్తుంటే, తిరుగు ప్రయాణానికి సిద్ధమైన గాంధీగారు ఆగిపోయారు. నాటాల్ ఇండియన్ కాంగ్రెస్ ఆ సంవత్సరమే పుట్టింది. అయినా 1896లో చట్టం వచ్చింది. అందులో "భారతీయుడు" అనే మాట లేదు. పార్లమెంటు పద్ధతిలో ఎన్నికైన సభలు లేని దేశాల నుంచి వచ్చినవాళ్లకు, వాళ్ల వంశంవాళ్లకు ఓటు లేదని రాశారు. పేరు చెప్పకుండానే తలుపు మూశారు.

పురపాలక ఓటు ఇంకొన్నాళ్లు మిగిలింది. 1924లో నాటాల్ అదీ తీసేసింది. పార్లమెంటు ఓటు లేనివాళ్ల పేర్లు పట్టణ ఓటర్ల జాబితాలో కొత్తగా చేర్చకూడదని నియమం పెట్టింది. ఆ జాబితాను ఇంగ్లీషులో "బర్గెస్ రోల్" అనేవారు. "బర్గెస్" అనే మాటకూ జర్మన్ "బ్యుర్గర్"కూ మూలం ఒక్కటే: కోట గోడ లోపలివాడు. అంటే 1924లో మన తాతలకు చెప్పింది ఇది: నువ్వు ఈ ఊళ్లో పుట్టావు, పన్ను కడుతున్నావు, అయినా నువ్వు గోడ బయటివాడివే.

బాన్‌లో కాఫ్‌మన్‌కు ఆగిన కుర్చీ, డర్బన్‌లో మన పెద్దలకు అందని జాబితా, రెండూ ఒకే ప్రశ్న అడుగుతాయి. ఊరు ఎవరిది?

వంతెన, చాకలి స్త్రీలు

ఇప్పుడు మార్కెట్ నుంచి నది వైపు నడవండి. పెద్ద వంతెన కనిపిస్తుంది. దాని పేరు కెనెడీ వంతెన. అక్కడ మొదటి వంతెనను 1898లో, విల్హెల్మ్ స్పిరిటుస్ మేయర్‌గా ఉన్న కాలంలో కట్టారు. అవతలి ఒడ్డున ఉన్న బోయెల్ అనే ఊరు ఖర్చులో వాటా ఇవ్వనంది. బాన్‌వాళ్లకు కోపం వచ్చింది. వంతెన మీద ఒక చిన్న రాతి మనిషిని పెట్టి, అతని వెనుక భాగం బోయెల్ వైపు తిప్పారు! ఈ సంగతి పిల్లలకు చెబితే నవ్వకుండా ఉండరు. 1945 మార్చిలో వెనక్కి పోతున్న జర్మన్ సైన్యమే ఆ వంతెనను పేల్చేసింది. 1949లో కొత్తది కట్టారు. 1969లో బోయెల్ బాన్‌లో కలిసిపోయింది. పాత పోట్లాట ఇప్పుడు ఒకే ఇంటి వేళాకోళం.

నిజానికి మేయర్ పని అంటే ఇదే. వంతెన, మురుగు కాలువ, మంచినీళ్లు, బడి, చెత్త బండి. వీటిని ఏ వీధికి ముందు ఇవ్వాలి, ఏ వీధికి తర్వాత ఇవ్వాలి అని నిర్ణయించే చోట మన మాట వినిపించకపోతే ఏమవుతుందో మన పెద్దలను అడగండి. ఓటు లేని వీధికి దీపం ఆలస్యంగా వస్తుంది.

బోయెల్‌కు మరో కథ ఉంది. ఒకప్పుడు అక్కడ చాకలి పని చేసే స్త్రీలు ఎక్కువ. చుట్టుపక్కల ఊళ్ల బట్టలు ఉతికి రైన్ ఒడ్డున ఆరేసేవారు. 1824లో వాళ్లు సొంతంగా ఒక మహిళా సంఘం పెట్టుకున్నారు. కార్నివాల్ పండుగకు ముందు వచ్చే గురువారం నాడు స్త్రీలు బోయెల్ పురపాలక భవనం మీదికి దండెత్తి దాన్ని "స్వాధీనం" చేసుకుంటారు. ఇప్పటికీ ఏటా ఆ ఆట ఆడతారు. చాకలి స్త్రీల రాణిగా ఒక అమ్మాయిని ఎన్నుకుంటారు. మేయర్ ఓడిపోయినట్టు నటిస్తాడు.

ఆటలో కుర్చీ దొరికింది గాని, నిజంలో చాలా కాలం పట్టింది. జర్మనీలో స్త్రీలకు 1918లో ఓటు వచ్చింది. మూడు తరగతుల పద్ధతి కూడా అప్పుడే పోయింది. బాన్‌కు మొదటి మహిళా మేయర్ మాత్రం 1994లో వచ్చింది. ఆమె పేరు బెర్బెల్ డీక్‌మన్. చాకలి స్త్రీల సంఘం పుట్టిన 170 ఏళ్లకు! మరి మన తెలుగు దేశంలో? హైదరాబాదుకు 1962లోనే రాణీ కుముదినీ దేవి మేయర్ అయింది. ఈ విషయంలో హైదరాబాదు బాన్ కంటే ముందుంది.

నల్లని సంవత్సరాలు

మళ్లీ మార్కెట్ మైదానానికి రండి. ఈసారి కింద రాళ్లను చూస్తూ నడవండి. అక్కడక్కడా నేలలో పుస్తకాల వీపుల్లాంటి లోహపు పలకలు కనిపిస్తాయి. వాటి మీద రచయితల పేర్లు, పుస్తకాల పేర్లు ఉంటాయి. 1933 మే 10న నాజీ విద్యార్థులు ఈ పురపాలక భవనం ముందే పుస్తకాలు తగలబెట్టారు. ఆ గుర్తుగా 2013లో ఈ పలకలు పెట్టారు. జనం వాటి మీదుగా నడిచి కూరగాయలు కొనుక్కుంటారు. మీరు మాత్రం ఆగి ఒక్కో పేరూ చదవండి.

ఆ సంవత్సరమే ఎన్నికైన మేయర్‌ను తీసేసి నాజీ పార్టీ మనిషిని కుర్చీలో కూర్చోబెట్టారు. పక్కనున్న కొలోన్‌లో 1917 నుంచి మేయర్‌గా ఉన్న కోన్రాడ్ అడెనావర్‌నూ అలాగే తొలగించారు. 1935 చట్టంతో పురపాలక ఎన్నికలే పోయాయి. మేయర్‌ను పార్టీ చెప్పినట్టు నియమించేవారు. సభ్యులు ఉండేవారు గాని వాళ్లకు ఓటు లేదు. 1938 నవంబరులో వంతెన దగ్గరున్న యూదుల ప్రార్థనా మందిరం తగలబడింది. 1941లో బాన్ యూదులను ఎండెనిక్ అనే చోట ఒక మఠంలో కుక్కారు. 1942లో అక్కడి నుంచి రైళ్లలో చావుకు పంపించారు. వాళ్లలో తరతరాలుగా బాన్ పౌరులైనవాళ్లు ఉన్నారు. ఒక కాగితం మీద వాళ్లు బ్యుర్గర్లు కాకుండా పోయారు. ఓటు పోవడం చివరి అన్యాయం కాదు, మొదటిది. దీన్ని మన పిల్లలకు తప్పక చెప్పాలి.

ఇంగ్లీషు మేయర్ బాన్‌కు వచ్చిన కథ

యుద్ధం ముగిశాక బాన్ బ్రిటిష్ సైన్యం అధీనంలోకి వచ్చింది. కొలోన్‌లో అమెరికన్లు అడెనావర్‌ను మళ్లీ మేయర్ చేశారు. కొన్ని నెలలకే బ్రిటిష్ అధికారులు ఆయన్ను తీసేశారు. నాలుగేళ్లకు ఆయన దేశానికే చాన్సలర్ అయ్యారు. ఆ కథ వేరే చెప్పుకోవచ్చు.

1946లో బ్రిటిష్ వాళ్లు జర్మన్ పట్టణాలకు తమ దేశం పద్ధతి ఇచ్చారు. ఇంగ్లీషు పట్టణంలో సభ్యులు తమలో ఒకరిని మేయర్‌గా ఎన్నుకుంటారు. ఆయన మెడలో గొలుసు వేసుకుని సభకు అధ్యక్షత వహిస్తాడు, అతిథులను ఆహ్వానిస్తాడు. కార్యాలయం నడిపేది జీతం తీసుకునే మరో అధికారి. ఆయన్ను ఇంగ్లండులో టౌన్ క్లర్క్ అనేవారు. బాన్‌లో కూడా అధికారం ఇలా రెండుగా విడిపోయింది. అధికారం అంతా ఒక్కరి చేతిలో ఉంటే ఏమవుతుందో హిట్లర్ కాలంలో చూశాం కాబట్టి విడగొట్టాలి అని వాళ్ల వాదన.

ఈ ఇంగ్లీషు మేయర్ మనకు కొత్తవాడు కాదు. ఈస్టిండియా కంపెనీ 1688లో మద్రాసులో నగర పాలక సంస్థ పెట్టి మేయర్‌ను కూర్చోబెట్టింది. ఆ మద్రాసు రేవులోనే మన పెద్దలు ఓడ ఎక్కారు. దిగింది డర్బన్‌లో. అక్కడ 1854 నుంచే మేయర్ ఉన్నాడు. మన వాళ్లు ఒక మేయర్ ఊరి నుంచి ఇంకో మేయర్ ఊరికి వచ్చారు. రెండు చోట్లా ఆ కుర్చీ వాళ్లది కాదు. అదే కుర్చీ నమూనాను 1946లో బ్రిటిష్ వాళ్లు బాన్‌కు తెచ్చి, ఇది ప్రజాస్వామ్య పాఠం అన్నారు. అప్పటికి డర్బన్‌లో భారతీయులకు పురపాలక ఓటు పోయి 22 ఏళ్లు. పాఠం మంచిదే. అయితే పాఠం చెప్పే మాస్టారు తన ఇంట్లో కూడా పాటించాలి కదా!

ఈ పద్ధతి బాన్‌లో యాభై ఏళ్లకు దగ్గరగా నడిచింది. 1994లో రాష్ట్రం చట్టం మార్చింది. రెండు పదవులను మళ్లీ ఒకటి చేసింది. 1999 నుంచి మేయర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకుంటున్నారు.

మెట్ల మీద ప్రపంచం

1949లో బాన్ పశ్చిమ జర్మనీకి తాత్కాలిక రాజధాని అయింది. ఆ "తాత్కాలికం" యాభై ఏళ్లు సాగింది. ఈ పురపాలక భవనం మెట్ల మీద నిలబడినవాళ్ల పేర్లు చూడండి. 1848 విప్లవంలో గోట్‌ఫ్రీడ్ కింకెల్ నలుపు, ఎరుపు, బంగారు రంగుల జెండా పట్టుకుని ఇక్కడి నుంచి మాట్లాడాడు. 1949లో మొదటి అధ్యక్షుడు థియోడోర్ హోయిస్ ఇక్కడి నుంచే ప్రజలను పలకరించాడు. 1962లో ద గాల్, 1963లో కెనెడీ, 1965లో ఎలిజబెత్ రాణి, 1989లో గోర్బచేవ్ వచ్చారు. వాళ్లందరికీ స్వాగతం చెప్పింది ఈ ఊరి మేయరే.

1991 జూన్ 20న పార్లమెంటు ఓటు వేసింది. రాజధాని బెర్లిన్‌కు వెళ్లాలని 338 మంది, బాన్‌లో ఉండాలని 320 మంది. తేడా 18 ఓట్లు. 1999లో పార్లమెంటు వెళ్లిపోయింది. ఊరు ఖాళీ అవుతుందని అందరూ భయపడ్డారు. కానీ ఐక్యరాజ్య సమితి సంస్థలు వచ్చాయి. వాతావరణ మార్పు ఒప్పందం కార్యాలయం 1996 నుంచి అక్కడే ఉంది.

అశోక్ శ్రీధరన్

ఇప్పుడు ఆ పేరు దగ్గరికి వద్దాం. శ్రీధరన్ 1965లో బాన్‌లోనే పుట్టారు. తండ్రి భారత దౌత్యవేత్త, తల్లి జర్మన్. బాన్ రాజధాని కాబట్టి భారత రాయబార కార్యాలయం అక్కడ ఉండేది. శ్రీధరన్ న్యాయశాస్త్రం చదివారు. రైన్ అవతల ఉన్న కోనిగ్స్‌వింటర్ అనే పట్టణంలో ఖజానా బాధ్యతలు చూశారు. 2015లో సీడీయూ అనే క్రైస్తవ ప్రజాస్వామ్య పార్టీ ఆయన్ను బాన్ మేయర్ పదవికి నిలబెట్టింది. అంతకు ముందు 21 ఏళ్లుగా ఆ కుర్చీ సోషల్ డెమొక్రాట్ల చేతిలో ఉంది. ఆయనకు మొదటి విడతలోనే సగానికి కాస్త పైన ఓట్లు వచ్చాయి.

ఆ అక్టోబరులో పక్కనున్న కొలోన్‌లో మేయర్ పదవికి పోటీ చేస్తున్న హెన్రియెట్టె రేకర్‌ను, ఎన్నికకు ముందు రోజు, శరణార్థులంటే ద్వేషమున్న ఒకడు కత్తితో పొడిచాడు. ఆమె బతికారు, గెలిచారు కూడా. కొద్ది రోజుల తర్వాత బాన్‌లో శ్రీధరన్ బాధ్యతలు తీసుకున్నారు. రెండు ఊళ్ల మధ్య రైలులో అరగంట ప్రయాణం. ఈ కుర్చీ ఇప్పటికీ తేలికైనది కాదు.

ఆయన్ను "మనవాడు" అనేయడానికి తొందరపడవద్దు. ఆయన తెలుగువారు కారు. గిర్మిట్ కుటుంబం కాదు. దౌత్యవేత్త కొడుక్కీ చెరకు తోట కూలీ మనవడికీ మధ్య దూరం చాలా ఉంది. బాన్ ప్రజలు కూడా భారతదేశం కోసం ఓటు వేయలేదు. తమ ఊళ్లో పుట్టి, తమ ఊరి యాస మాట్లాడే, లెక్కలు తెలిసిన ఒక అభ్యర్థికి వేశారు. నాకు నచ్చిన సంగతి అదే. ఆ పేరు వాళ్లకు అడ్డం కాలేదు.

2017 నవంబరులో బాన్‌లో ప్రపంచ వాతావరణ సదస్సు జరిగింది. ఆ సదస్సుకు అధ్యక్షత వహించిన దేశం ఏదో తెలుసా? ఫిజీ! 1879 నుంచి 1916 దాకా మన వాళ్లను గిర్మిట్ ఓడలు మోసుకుపోయిన ఫిజీ. సముద్రం పెరిగితే మునిగిపోయే చిన్న దీవులకు సభ పెట్టుకునేంత చోటు లేదు. అందుకని బాన్ ఇల్లు ఇచ్చింది, ఫిజీ పెద్దరికం వహించింది. భారతీయ పేరున్న జర్మన్ మేయర్ పసిఫిక్ దీవులవాళ్లకు ఆతిథ్యం ఇచ్చారు. ఫిజీలోని మన చదువరులు ఈ మాట చదివి సంతోషిస్తారని అనుకుంటున్నాను.

తర్వాత ఏమైంది? 2020లో ఆయన ఓడిపోయారు. గ్రీన్ పార్టీకి చెందిన కాట్యా డోర్నర్ గెలిచారు. ఊళ్లో మాట్లాడుకున్న విషయాలలో బేతోవెన్ హాలు ఒకటి. దాని మరమ్మతుల ఖర్చు, గడువు పెరుగుతూ పోయాయి. 2025లో డోర్నర్ కూడా ఓడిపోయారు. సైకిల్ దారుల మీద, కార్ల దారుల మీద ఊరు గట్టిగా వాదించుకుంది. సీడీయూ అభ్యర్థి గీడో డేయుస్ గెలిచారు.

కొందరు ఈ ఓటమిని చెప్పడానికి ఇష్టపడరు. నేను మాత్రం నా తరగతిలో గెలుపు కంటే ఓటమినే ఎక్కువసేపు చెబుతాను. కాఫ్‌మన్ కుర్చీ మతం వల్ల పోయింది. 1924లో మన పెద్దల ఓటు వంశం వల్ల పోయింది. 2020లో శ్రీధరన్ ఓడింది ఓట్ల లెక్కలో, డోర్నర్ 2025లో ఓడినట్టే. అందరి మేయర్ల లాగే ఆయన కూడా మరమ్మతుల ఖర్చుకు జవాబు చెప్పుకోవలసి వచ్చింది. ఇతరులు గెలిచే పద్ధతిలో గెలిచి, ఇతరులు ఓడే పద్ధతిలో ఓడినప్పుడే మనిషి గోడ లోపలివాడు.

గోడ పూర్తిగా పోలేదు

బాన్‌లో కథ పూర్తయిందని కూడా అనుకోవద్దు. ఆ ఊళ్లో చదువుకోవడానికి, ఉద్యోగానికి వచ్చిన భారతీయులు ఉన్నారు. తెలుగు వాళ్లూ ఉన్నారు. వాళ్లు అద్దె కడతారు, పన్ను కడతారు, చెత్త బండి రాకపోతే ఫోన్ చేస్తారు. మేయర్ ఎన్నికలో మాత్రం వాళ్లకు ఓటు లేదు. యూరోపియన్ యూనియన్ దేశాల పౌరులకు పురపాలక ఓటు ఉంది. మిగిలిన విదేశీయులకు లేదు. కొన్ని రాష్ట్రాలు ఇవ్వాలని చూస్తే 1990లో రాజ్యాంగ న్యాయస్థానం కొట్టివేసింది. వాళ్లకు దారి ఒక్కటే: జర్మన్ పౌరసత్వం. 2024లో వచ్చిన చట్టం ప్రకారం సాధారణంగా అయిదేళ్లకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన కాలంలో తలుపు తీసే చట్టాలూ వస్తున్నాయి, సంతోషం. కానీ ఆ తలుపును ఎంత తీయాలన్న వాదన అక్కడ ఇంకా సాగుతూనే ఉంది.

మనకు ఆ తలుపు 1994 ఏప్రిల్‌లో తెరుచుకుంది. నాటాల్‌లో పురపాలక ఎన్నికలు 1996లో వచ్చాయి. 1924 నుంచి 1996 దాకా 72 ఏళ్లు. ఓటు కోసం చూస్తూ చూస్తూనే ఒక తరం వెళ్లిపోయింది. ఈ రోజు పురపాలక ఎన్నిక అంటే మన ఇళ్లలో "ఎవరు వస్తే ఏముంది, రోడ్డు గుంటలు అలాగే ఉంటాయి" అనే మాట వినిపిస్తుంది. గుంటలు నిజమే. కోపమూ న్యాయమే. అయితే ఆ కోపం చెప్పుకోవడానికి ఒక చోటు ఉండాలని 72 ఏళ్లు అడిగినవాళ్ల మనవలం మనం.

వెళ్లేవాళ్లకు నాలుగు మాటలు. బాన్ రైలు స్టేషన్ నుంచి మార్కెట్ మైదానానికి నడిచి పది నిమిషాలలో చేరవచ్చు. పాత పురపాలక భవనం ఇప్పుడు ముఖ్యంగా అతిథుల స్వాగతానికి, వేడుకలకు వాడుతున్నారు. రోజువారీ పని 1978లో తెరిచిన "ష్టట్‌హౌస్" అనే పెద్ద భవనంలో జరుగుతుంది. అది అందంగా ఉండదు, ఫొటో ఎవరూ తీసుకోరు. మీరు దాన్ని కూడా చూడండి. పెళ్లి నమోదు, చిరునామా మార్పు లాంటివన్నీ అక్కడే. ఊరిపెద్ద పని కనిపించేది అక్కడే.

ప్రయాణానికి ముందు ఇంకో చిన్న పని ఉంది. మీ ఊరి ఓటర్ల జాబితాలో మీ పేరు ఉందో లేదో చూసుకోండి. ఇంట్లో పద్ధెనిమిది నిండిన పిల్లల పేర్లు కూడా చూడండి. ఆ తర్వాత టికెట్టు కొనుక్కోండి.